కసరత్తు తర్వాత పిండి పదార్థాలు: అరగంటలో తినకపోతే శ్రమంతా వృథాయేనా?

కొత్తచెప్పులు
వారానికి మూడు సాయంత్రాలు జిమ్ముకు వెళ్తున్నాను. ముప్పావుగంట బరువులు, చివర పది నిమిషాలు సైకిలు. నా బరువు 70 కిలోలు. అక్కడి శిక్షకుడిది ఒకటే మాట: కసరత్తు ముగిసిన అరగంటలో పిండి పదార్థాలు పడకపోతే చేసిందంతా గాలికి పోయినట్టేనట. నేను ఇంటికి చేరి, స్నానం చేసి, భోజనానికి కూర్చునేసరికి గంటన్నర అవుతుంది. ఈలోపు నిజంగా ఏమైనా పోతుందా? సంచిలో అరటిపండ్లు నలిగి బట్టలకు అంటుకుంటున్నాయి. అందుకే అడుగుతున్నాను.

ఇనుపముక్క
ఏమీ పోదు. అరటిపండ్లకు విముక్తి ప్రసాదించండి.

లెక్క చూడండి. తిన్న పిండి పదార్థాల్లో కొంత గ్లైకోజెన్‌గా మారి కండరాల్లో సుమారు 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. ముప్పావుగంట బరువులెత్తితే, పనిచేసిన కండరాల్లో ఆ నిల్వ మూడో వంతు అటూ ఇటూగా తగ్గుతుంది. మీరు మళ్లీ జిమ్ములో అడుగుపెట్టేది రెండు రోజుల తర్వాత. ఆలోపు ఎన్ని పూటలు తింటారు? బాగా ఖాళీ అయిన కండరం కూడా, తిండి సరిగ్గా ఉంటే, 24 గంటల్లో దాదాపు నిండుతుంది. తొట్టిలో నాలుగు చెంబులు తగ్గాయని పరుగెత్తుకెళ్లి కుళాయి తిప్పాలా?

ఇక 'కండ పెరగాలంటే ఇన్సులిన్ పెరగాలి, ఇన్సులిన్ పెరగాలంటే చక్కెర తినాలి' అనే వాదం. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో బరువులు ఎత్తాక ఒకసారి 25 గ్రాముల వే ప్రొటీన్ (పాలు విరిగాక మిగిలే తేట నుంచి తీసే ప్రొటీన్) మాత్రమే ఇచ్చారు, ఇంకోసారి దానికి 50 గ్రాముల పిండి పదార్థం కలిపి ఇచ్చారు. కండరాల్లో ప్రొటీన్ తయారయ్యే వేగంలో తేడా కనిపించలేదు. సరిపడా ప్రొటీన్ తింటే దానికి కావలసినంత ఇన్సులిన్ అదే తెచ్చుకుంటుంది. ఈ అరగంట ముహూర్తం పొడి డబ్బాలు అమ్మేవారి పంచాంగంలో తప్ప ఎక్కడా లేదు.

మధ్యాహ్ననిద్ర
పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. గడియారం కొద్దీ రొట్టె అనలేదు.

దూరపరుగు
'ఏమీ పోదు' అని అంత తేలిగ్గా ఎలా అంటారు?

1988లో జాన్ ఐవీ అనే వ్యాయామ శాస్త్రవేత్త బృందం సైకిలు తొక్కేవారిపై చేసిన ప్రయోగం ఉంది. తొక్కడం ఆపగానే పిండి పదార్థం తాగించినప్పటితో పోలిస్తే, రెండు గంటలు ఆగి తాగించినప్పుడు గ్లైకోజెన్ నిండే వేగం 45 శాతం తక్కువగా ఉంది. నలభై అయిదు! ఇది మీ దృష్టిలో 'ఏమీ' కాదా?

పోటీల ముందు నేను రోజుకు రెండుసార్లు పరుగెత్తుతాను. రెండింటి మధ్య ఐదు గంటలు. మొదటి పరుగు తర్వాత సరిగ్గా తినని రోజున రెండో పరుగులో ఎనిమిదో కిలోమీటరు నుంచి కాళ్లు నావి కావు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు.

ఇనుపముక్క
సోదరా, అడిగినవారు వారానికి మూడుసార్లు బరువులెత్తే మనిషి. మీరు రోజుకు రెండుసార్లు పరుగెత్తే మనిషి. మీ దాహానికి ఆయన చేత నీళ్లు తాగిస్తున్నారు.

పైగా ఆ 1988 ప్రయోగం కొలిచింది కసరత్తు తర్వాతి నాలుగు గంటలు మాత్రమే. 1997లో వచ్చిన మరో ప్రయోగంలో వెంటనే తిన్నవారిని, రెండు గంటలు ఆగి తిన్నవారిని 8 గంటలకు, 24 గంటలకు కొలిచి చూశారు. తేడా లేదు. ఆలస్యంగా బయలుదేరిన బస్సు కూడా ఊరు చేరింది.

దూరపరుగు
నా రెండో పరుగు ఐదో గంటలో. ఎనిమిదో గంటకు ఊరు చేరే బస్సు నాకెందుకు? మీరు ఇచ్చిన ఆధారమే నా మాటను నిలబెడుతోంది.

అడిగినవారు బరువులు మాత్రమే ఎత్తడం లేదు. 'చివర పది నిమిషాలు సైకిలు' అని రాశారు. ముందు ప్రశ్న పూర్తిగా చదవండి.

ఇనుపముక్క
పది నిమిషాల సైకిలు! సోదరా, పది నిమిషాలు తొక్కితే గ్లైకోజెన్ ఖాళీ అయ్యేటట్లయితే, పాలవాడు వీధి చివరికి చేరేలోపు కుప్పకూలాలి.

దూరపరుగు
ఎంత జోరుగా తొక్కుతున్నారో మీకు తెలుసా? గట్టిగా తొక్కితే పది నిమిషాల్లోనూ కండరం గ్లైకోజెన్‌నే ఎక్కువగా కాలుస్తుంది.

కొత్తచెప్పులు
ఫోను చూస్తూ తొక్కుతాను.

ప్రయోగశాల పిల్లి
ఇద్దరూ ఒకే కాగితాన్ని చెరో కొస పట్టుకుని లాగుతున్నారు. మధ్యలో చిరిగేలోపు ఒక మాట.

కండరం పనిచేసి ఆగగానే, గ్లూకోజును లోపలికి చేరవేసే గ్లూట్-4 అనే ప్రొటీన్లు కణం అంచుకు వచ్చి ఉంటాయి. ఆ కాసేపు ఇన్సులిన్ పిలవకపోయినా తలుపు తెరిచే ఉంటుంది, అందుకే మొదట్లో వేగం. తర్వాత ఆ తలుపు ఓరగా మూసుకుంటుంది కానీ తాళం పడదు. ఇన్సులిన్‌కు కండరం బాగా స్పందించే గుణం చాలా గంటలు, ఒక్కోసారి మరుసటి రోజు దాకా ఉంటుంది. కాబట్టి 45 శాతమూ నిజమే, 24 గంటలకు తేడా లేకపోవడమూ నిజమే.

దీనికి పునాది 1966 నాటిది. స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు ఒకే సైకిలుకు చెరోవైపు కూర్చుని ఒక్కొక్క కాలితో తొక్కారు. ప్రయోగానికి మనుషులూ వాళ్లే. తర్వాత మూడు రోజులు పిండి పదార్థాలు దండిగా తింటూ, సూదితో తొడ కండరాల ముక్కలు తీసి చూసుకున్నారు. తొక్కిన కాలిలో గ్లైకోజెన్ విశ్రాంతిగా ఉన్న కాలికి దాదాపు రెట్టింపు. తిండి ఒకటే, ఒళ్లు ఒకటే. తేడా అంతా ఏ కాలు పనిచేసిందన్న దానిలోనే.

ఎనిమిది గంటలలోపు మళ్లీ గట్టి శ్రమ ఉంటే, మొదటి నాలుగు గంటలూ గంటకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల పిండి పదార్థం తినమన్నది క్రీడా పోషణలో మామూలు సలహా. 70 కిలోల మనిషికి గంటకు సుమారు మూడు అరటిపండ్లు. మధ్యలో ఒక రోజు వ్యవధి ఉంటే, రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే లెక్క.

మధ్యాహ్ననిద్ర
గంటకు మూడు చొప్పున నాలుగు గంటలంటే డజను. సంచి మార్చాలి.

చక్కెరలెక్క
నాకు టైప్ 1 మధుమేహం. సాయంత్రం కసరత్తు చేసిన రోజున కండరాలు నిల్వను నింపుకోవడానికి రక్తంలోని చక్కెరను రాత్రి దాకా లాగుతూనే ఉంటాయి. రెండేళ్ల క్రితం ఒక రాత్రి రెండింటికి చెమటతో తడిసి, చేతులు వణుకుతూ లేచాను. అప్పటి నుంచి కసరత్తు రోజున తిండి, ఇన్సులిన్ మోతాదు రెండూ మా వైద్యురాలితో కలిసి వేసుకున్న లెక్క ప్రకారమే. 'ఏమీ పోదు' అన్న మొదటి జవాబును నాలాంటివాళ్లూ చదువుతారు.

ఇనుపముక్క
చక్కెరలెక్క గారూ, మీ విషయం వేరు. ఒప్పుకుంటున్నాను.

కానీ దూరపరుగు గారికి నా కోపం ఎక్కడిదో చెప్పాలి. మూడేళ్ల క్రితం నాకూ ఒక శిక్షకుడు ఇదే అరగంట పాఠం చెప్పాడు. డబ్బా కూడా ఆయనే అమ్మాడు. ఫోనులో అలారం పెట్టుకుని, కసరత్తు ముగిసిన పదో నిమిషంలో రెండు గరిటెల పొడి కలుపుకుని తాగేవాణ్ని. ఒకసారి వాన వల్ల దారిలో చిక్కుకుని, అరగంట దాటిపోతోందని పొడిని నీళ్లు లేకుండా నోట్లో పోసుకున్నాను. దగ్గొచ్చి కారు అద్దమంతా తెల్లబడింది. ఏడాదిలో తొమ్మిది కిలోలు పెరిగాను. అందులో కండ ఎంతో నా నడుముకు తెలుసు. రక్త పరీక్షలో చక్కెర హద్దు మీదికి వచ్చింది. డబ్బా వెనక్కి తిప్పి చదివితే మొదటి పదార్థం మాల్టోడెక్స్ట్రిన్, అంటే చక్కెరకు దగ్గరి చుట్టం. అడిగితే ఆయన ఏమన్నాడో తెలుసా? 'నువ్వు సరిగ్గా అరగంటలో తాగడం లేదు' అన్నాడు.

అందుకే సోదరా, ఎవరైనా ముహూర్తం అనగానే నాకు ఒళ్లు మండుతుంది.

దూరపరుగు
మీకు ఒళ్లు మండితే మిగతావాళ్లంతా పస్తుండాలా? ఇక్కడ ఎవరూ డబ్బా అమ్మడం లేదు. మీ శిక్షకుడి మీద కోపం ఈ చర్చ మీద కక్కకండి.

ఇనుపముక్క
పస్తుండమని నేనెక్కడ అన్నాను? మీరు వాదనలో ఓడిపోయి మాటలు మారుస్తున్నారు.

నిర్వాహకుడు
గెలుపు ఓటముల ప్రస్తావన వద్దు. విషయం మీద రాయండి.

దూరపరుగు
విషయం మీదే రాస్తాను. మూడుసార్లు 'సోదరా' అన్నారు. నేను సోదరిని.

నాకూ ఒక శిక్షకుడు ఉండేవాడు. మీవాడికి పూర్తిగా ఎదురు. 'పరుగు తర్వాత పిండి పదార్థం తింటే కరిగిన కొవ్వు తిరిగొస్తుంది, రాత్రి దాకా ఆగు' అనేవాడు. ఆగాను. మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గాను, జట్టు ముందు మెచ్చుకున్నాడు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు మూడు గ్రాముల దాకా నీరు నిల్వ ఉంటుందని, తగ్గినదాంట్లో చాలా భాగం ఆ నీరేనని నాకు అప్పుడు తెలియదు. మూడో నెలలో నెలసరి ఆగింది. శ్రమ బాగా చేస్తున్నావనడానికి గుర్తు అన్నాడు. ఎనిమిదో నెలలో కాలి ముందు ఎముకకు సన్నని పగులు. పదకొండు వారాలు పరుగు లేదు. ఎముకల వైద్యుడు కాలు చూడకముందే అడిగిన ప్రశ్న: 'రోజుకు ఎంత తింటున్నావు?'

శ్రమకు తగిన తిండి లేక హార్మోన్లు, ఎముకలు దెబ్బతినడాన్ని వివరిస్తూ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఒక ప్రకటన ఇచ్చింది. మా శిక్షకుడికి అది చేరలేదు. నేను ఆకలిగా ఉందన్న ప్రతిసారీ ఆయన చెప్పిన జవాబు ఏమిటో తెలుసా? 'తినకపోతే ఏమీ పోదు.'

మీ మొదటి జవాబులోని మొదటి రెండు మాటలు చూడండి.

మధ్యాహ్ననిద్ర
ఇక్కడ నేను హాస్యమాడను.

ఇనుపముక్క
చాలాసేపు ఆగి రాస్తున్నాను. ముందుగా, సోదరా అన్నందుకు క్షమించండి.

నేను 'వెంటనే తినకపోతే ఏమీ పోదు' అన్నాననుకున్నాను. పైకి వెళ్లి చూస్తే 'వెంటనే' అన్న మాటే లేదు. నా మనసులో ఉంది, రాతలో లేదు. రోజంతా సరిపడా తినేవాళ్లకు మాత్రమే ఆ జవాబు వర్తిస్తుందని దాని కింద చేరుస్తున్నాను. పాత వాక్యాన్ని చెరపను. చెరిపితే మీ కోపానికి కారణం తర్వాత చదివేవారికి అర్థం కాదు.

కానీ అరగంట సంగతి మాత్రం ఒప్పుకోను.

దూరపరుగు
అరగంట అని నేనెప్పుడన్నాను? ఈ పేజీ అంతా వెతకండి. నేను అన్నది ఆలస్యమైతే వేగం తగ్గుతుందని. మీరు మూడేళ్లుగా మీ శిక్షకుడితో పోట్లాడుతున్నారు, నడుమ నేను దొరికాను.

ఇనుపముక్క
వెతికాను. అనలేదు. బహుశా మీరూ మీ శిక్షకుడితోనే పోట్లాడారు.

దూరపరుగు
కావచ్చు. అయినా 45 శాతం 45 శాతమే.

ప్రయోగశాల పిల్లి
కొత్తచెప్పులు గారూ, మిమ్మల్ని అందరూ మరిచిపోయారు. కసరత్తుకు గంట ముందు తిన్నది ఆ సమయానికి ఇంకా అరుగుతూనే ఉంటుంది, అదీ లెక్కలోకి వస్తుంది. పండు ముందే తినేయండి. గంటన్నరకు భోజనం చేయండి. మధ్యలో ఆకలేస్తే తినండి, వేయకపోతే మానండి.

కొత్తచెప్పులు
ఈ రోజు అలాగే చేశాను. బట్టలు శుభ్రంగా ఉన్నాయి. 'ఇప్పుడేం తిన్నావు?' అని శిక్షకుడు అడిగాడు, 'ముందే తిన్నాను' అన్నాను. ఆయన ముఖం చూడాల్సింది. మరి ఆ చివరి పది నిమిషాల సైకిలు ఉంచాలా, తీసేయాలా?

ఇనుపముక్క
దండగ. తీసేయండి.

దూరపరుగు
తీసేయకండి. ఫోను తీసేయండి.