బైక్ రేసింగ్ మొదటి సీజన్‌కి 3 లక్షలు సరిపోతాయా?

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే సీజన్‌లో నేషనల్ ఛాంపియన్‌షిప్ 165 సీసీ నోవిస్ (కొత్తవాళ్ల) క్లాసులో దిగాలని ఉంది. రేసులు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో. చేతిలో ఉన్నది 3 లక్షలు. అప్పు చేయను, ఇంట్లో మాటిచ్చాను.

ఎఫ్ఎమ్ఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ని నడిపే సమాఖ్య) లైసెన్సు, ఎంట్రీ ఫీజులతో టెన్షన్ లేదు, అవి ముందే తెలిసే ఖర్చులు. లెదర్ సూట్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నాను. హెల్మెట్, బ్యాక్ ప్రొటెక్టర్ మాత్రం కొత్తవే, అందులో రాజీ లేదు.

నాకు లెక్క తేలనిది పడిపోయినప్పటి ఖర్చు. మామూలు బండి ఇన్సూరెన్స్ రేసింగ్‌కి వర్తించదు. ఒక్కసారి లో-సైడ్ అయితే (మలుపులో టైరు జారి బండి పక్కకి పడితే) క్లిప్-ఆన్ (రేసు హ్యాండిల్), లివర్, ఫుట్‌పెగ్, ఫెయిరింగ్ (బండి పైతొడుగు) అన్నీ ఒకే దెబ్బకి పోవచ్చు. దానికి తోడు టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బండిని వ్యాన్‌లో పంపడం, మెకానిక్ కూలి, రూము... తడిసి మోపెడవుతుందేమో!

రేసుల్లో బండి నడిపినవాళ్లు చెప్పండి: విడిభాగాల కోసం మొత్తంలో ఎంత పక్కన పెట్టారు? ఒక సెట్ టైర్లతో ప్రాక్టీసు, క్వాలిఫైయింగ్, రేసు అన్నీ లాగించవచ్చా? లేక ఈ ఏడాదికి సొంత బండి మానేసి, బండి కంపెనీవాళ్లే ఇచ్చే టీవీఎస్ వన్ మేక్ (అందరూ ఒకే రకం బండి నడిపే రేసు) సెలెక్షన్‌కి వెళ్లడం మేలా? ఇక్కడి నుంచి చెన్నైకి బండ్లు కలిసి పంపుకునేవాళ్లు ఎవరైనా ఉంటే అదీ చెప్పండి.