విశాఖలో డాబా సోలార్: పొద్దున్నే ఇన్సులేషన్ ఫాల్ట్, ఎక్కడ వెతకాలి?

నమస్కారమండి. ఎంవీపీ కాలనీలో సముద్రానికి దగ్గరి డాబా. 540 వాట్ల ప్యానెళ్లు 6, ఒకే స్ట్రింగ్ (అన్నీ వరుసగా కలిపిన ఒకే లైన్), 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీని ఏసీగా మార్చి కరెంటు లైన్‌కి కలిపేది).

మంచు కురిసినా, రాత్రి వాన పడినా పొద్దున్నే ఇన్వర్టర్ ఇన్సులేషన్ ఫాల్ట్ (వైర్ల నుంచి కరెంటు ఎర్త్‌కి లీకవుతోందన్న హెచ్చరిక) చూపించి ఆగిపోతోంది. ఎండెక్కి తడారాక, తొమ్మిదిన్నరకల్లా దానంతటదే నడుస్తోంది. ఇన్వర్టర్ తప్పు కాదనిపిస్తోంది, ఉప్పు పేరుకున్నచోట తడి తగిలి ఎర్త్‌కి లీకవుతున్నట్టుంది. ఐసొలేటర్ (ప్యానెళ్ల లైన్ తెంచే స్విచ్) ఆపి, స్ట్రింగ్ విడదీసి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) పెడితే పొడిగా ఉన్నప్పుడు 20 మెగాఓమ్‌లు, తడిలో 0.3. ప్యానెళ్ల వైర్లని కలిపే రెండు ఎంసీ4 కనెక్టర్లు శ్లాబుకి ఆనుకుని ఉన్నాయి, లోపల పచ్చటి చిలుము.

మొత్తం కనెక్టర్లు మార్చేయాలా, లేక ముందు మూడేసి ప్యానెళ్లుగా విడదీసి తడిలోనే కొలవాలా? బ్యాక్‌షీట్‌లో (ప్యానెల్ వెనక పొరలో) సన్నటి పగుళ్లుంటే ఎలా పట్టుకోవాలి? పాత కనెక్టర్‌కి వేరే కంపెనీది జతచేస్తే సరిగ్గా బిగియదు, వేడెక్కుతుంది కాబట్టి ఆ దారి వద్దు. బోల్టులకి 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు ఈ గాలికి ఆగుతోందా? తీరంలో పనిచేసినవాళ్లు చెప్పండి, దయచేసి.