గాలి డబ్బులతో వైజాగ్ పోగలమా? ఐదు కిలోల చిల్లర ఉంది

ఖాజీపేట కోడలు
మార్చి 1, రాత్రి 9:40

మాది కడప జిల్లా ఖాజీపేట. నేను కడపలో ఒక బట్టల షాపులో బిల్లింగ్ చూస్తాను. మా ఆయనకు రోడ్డు పక్కన పంక్చర్ షాపు. ఇంట్లో మేమిద్దరం, అత్త, పదమూడేళ్ల పాప, తొమ్మిదేళ్ల బాబు. ఐదుగురిలో సముద్రం చూసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. మా అత్తయితే పెన్నకు నీళ్లొచ్చినప్పుడు చూసిందే ఇంతవరకు పెద్ద నీళ్లు.

పోయిన ఏడాది ఆగస్టు 15న ఆడవాళ్లకు బస్సు ఫ్రీ పెట్టారు కదా. అంతకుముందు నాకు పోను ముప్పై, రాను ముప్పై అయ్యేది. ఫ్రీ అయిన మొదటి వారం ఆ అరవై ఏమయిందో నాకే తెలియలేదు. ఒకరోజు మిరపకాయ బజ్జీలు, ఒకరోజు పాపకు హెయిర్ బ్యాండు, ఇంకోరోజు ఏదో. అప్పుడు అనుకున్నా, కండక్టర్‌కు ఇస్తున్నట్టే హుండీకి ఇద్దామని. ఇంటికి రాగానే, హ్యాండ్‌బ్యాగ్ భుజం మీద నుంచి దించకముందే, అరవై రూపాయలు స్టీలు క్యాన్‌లో వేస్తా. మూతకు మా ఆయనే రంపంతో గాటు పెట్టి ఇచ్చాడు.

అది చూసి ఆయన కూడా మొదలుపెట్టాడు. పంక్చర్ డబ్బులు ఇప్పుడు అందరూ స్కాన్ చేసే వేస్తున్నారు. గాలి పట్టించుకున్నవాళ్లు మాత్రం ఐదో పదో బిళ్ల చేతిలో పెట్టి పోతారు. ఆ బిళ్లలు రాత్రికి క్యాన్‌లో పడతాయి. అందుకే మా పాప దానికి గాలి హుండీ అని పేరు పెట్టింది.

నిన్న నేల మీద దుప్పటి పరిచి మొత్తం కుమ్మరించి లెక్క పెట్టినాం. నోట్లు 8,460. బిళ్లలు: పదివి 212, ఐదువి 148, రెండువి 205, రూపాయివి 318, ఇరవైవి 7. అంటే 3,728 రూపాయలు. మొత్తం 12,188. పక్క కిరాణా అంగట్లో కాటా మీద పెడితే బిళ్లలే ఐదు కిలోలకు కొంచెం తక్కువ తూగినాయి. వీటితో పాటు మా అత్త ఎప్పుడో వేసిన పావలాలు తొమ్మిది బయటపడ్డాయి.

ఇంకో లెక్క కూడా చెప్తా, నవ్వకండి. నేను షాపుకు పోయిన రోజులు 165. హుండీలో పడిన బస్సు డబ్బులు 141 రోజులవి. మిగతా 24 రోజులు "రేపు రెండు రోజులవీ కలిపి వేస్తాలే" అనుకున్న రోజులు. అవి కలిసిందీ లేదు, వేసిందీ లేదు.

ఇప్పుడు నా బాధ ఏమంటే, బిళ్లలు తీసుకొని బ్యాంకుకు పోతే (ఏ బ్యాంకో చెప్పను) కౌంటర్‌లో అబ్బాయి సంచీ వైపు చూసి "ఇంత చిల్లర ఎవరు లెక్కపెడతారమ్మా, అంగళ్లలో మార్చుకోండి" అన్నాడు. అంగళ్లలో ఏమో పది బిళ్ల చెల్లదంటారు. మోసుకుపోయిన సంచీ మళ్లీ ఫ్రీ బస్సులోనే మోసుకొచ్చినా.

అడగాల్సినవి మూడు. బిళ్లలు నోట్లుగా ఎట్లా మార్చాలి? మే రెండో వారంలో వైజాగ్ పోవాలంటే ఈ డబ్బు సరిపోతుందా? ఇంటికొచ్చాక హుండీనే సాగించాలా, ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టాలా? చీటీ మాట ఎత్తకండి, ఒకసారి మునిగినాం.

---

రిటైర్డ్ క్యాషియర్, ప్రొద్దుటూరు
మార్చి 1, రాత్రి 10:25

అమ్మా, ముప్పై ఏళ్లకు పైగా ఆ కౌంటర్ వెనకాలే కూర్చున్నాను. ఆ అబ్బాయి చెప్పింది తప్పు. అయితే వాడి బాధ కూడా నాకు తెలుసు. కలిపి కట్టిన సంచీ తెచ్చి బల్ల మీద పెడితే ఏ క్యాషియర్‌కైనా గుండె జారుతుంది.

చిల్లర వద్దు, తీసుకోం అని చెప్పే హక్కు బ్యాంకు శాఖకు లేదు. ఆర్బీఐ సూచనల్లోనే ఉంది, వందేసి బిళ్లలు ఒక పాలిథిన్ కవర్లో కట్టి ఇస్తే ఇద్దరికీ సులువని. మీరు కూడా అట్లాగే చేయండి. ఒక రకం ఒక కవర్లో, సరిగ్గా వంద. కవర్ మీద కాగితం అంటించి ఎన్ని, ఎంత అని రాయండి. మీ లెక్క ప్రకారం పదివి రెండు కవర్లు, ఐదువి ఒకటి, రెండువి రెండు, రూపాయివి మూడు అవుతాయి. ఎనిమిది కవర్లు, 3,200 రూపాయలు. మిగిలిన 528 తీసుకుపోవద్దు. అవి రైల్లో టీ తాగడానికి ఉంచుకోండి.

సోమవారం పోవద్దు. ఒకటి నుంచి పదో తేదీ దాకా జీతాలు, పెన్షన్ల రద్దీ. ఆ తర్వాత ఒక రోజు మధ్యాహ్నం పోండి. మార్చి ఇవ్వమని అడగవద్దు, మీ ఖాతాలో జమ చేయమని చలానా రాసి ఇవ్వండి. అప్పుడు మీరు ఖాతాదారు, చిల్లర మార్చుకునే మనిషి కాదు. మళ్లీ కాదంటే మేనేజర్ గదిలోకి పోయి కూర్చోండి. అక్కడా కాదంటే రాతమూలంగా ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దాకా పోవచ్చు. మూడు వేల రూపాయలకు అంత దూరం పోవాల్సిన పని పడదులెండి.

పది బిళ్ల సంగతి. మన జిల్లాల్లో ఈ పుకారు చావడం లేదు. బొమ్మలు వేరు వేరుగా ఉన్నాయని జనానికి అనుమానం. 2018లోనే ఆర్బీఐ చెప్పింది, అప్పటికి వచ్చిన 14 రకాలూ చెల్లుతాయని. రూపాయి గుర్తు ఉన్నదీ చెల్లుతుంది, లేనిదీ చెల్లుతుంది. బయట ఎవరికైనా బిళ్లల్లో వెయ్యి రూపాయల దాకానే ఇవ్వగలరు, అంతకు మించితే వద్దనే హక్కు అవతలివాళ్లకు ఉంది. 2011 నాణేల చట్టంలో ఉన్న మాట అది.

మీ అత్తగారి పావలాలు 2011 జూన్ 30 నుంచి చెల్లడం ఆగిపోయాయి. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, ఎవరూ తీసుకోరు అది వేరే సంగతి. పాత బిళ్లకు లక్షలిస్తామని ఫోన్లో వీడియోలు వస్తాయి, ముందు కమీషన్ కట్టమంటారు. వాటి జోలికి పోవద్దని అత్తగారికి చెప్పండి. పావలాలు పిల్లలకు ఇవ్వండి, ఆడుకుంటారు.

---

బెంగళూరు తమ్ముడు
మార్చి 1, రాత్రి 11:10

అక్కా, ఈ కాలంలో ఐదు కిలోలు మోయడం ఏంటి! యాప్‌లు ఉన్నాయి. నువ్వు 47 రూపాయలు కొడితే 50కి రౌండ్ చేసి మూడు రూపాయలు పక్కన పెడుతుంది. దాంతో డిజిటల్ గోల్డ్ కొంటుంది. నేను ఆరు నెలల్లో నాలుగు వేలు దాచా, తెలియనే తెలియలేదు.

---

లెక్కల మాస్టారు, మైదుకూరు
మార్చి 2, ఉదయం 6:15

తమ్ముడూ, డిజిటల్ గోల్డ్ కొన్న రోజే 3 శాతం జీఎస్టీ పోతుంది. అమ్మే రేటు, కొనే రేటు వేరు వేరు. పెళ్లికి దాస్తే ఒక తీరు, మే నెలలో ఖర్చు పెట్టే డబ్బుకు ఈ తిప్పలెందుకు? పైగా అది సెబీ (షేర్ మార్కెట్‌ను చూసుకునే సంస్థ) నియంత్రణ కిందికి రాదు.

అమ్మా, పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, వచ్చే ఏడాది టూరుకు పనికిరాదు. బ్యాంకు ఆర్డీ అయితే చాలా బ్యాంకుల్లో ఆరు నెలల నుంచీ ఉంటుంది. హుండీ తీయొద్దు. నెలకొకసారి హుండీ ఖాళీ చేసి ఆ డబ్బే ఆర్డీకి కట్టండి. వడ్డీ కోసం కాదు. నిండిన హుండీ కనపడుతుంటే ఇంట్లో అందరికీ అవసరాలు గుర్తొస్తాయి.

---

ఖాజీపేట కోడలు
మార్చి 2, ఉదయం 7:05

మాస్టారూ, మీరు మా ఇంటికి వచ్చి చూసినట్టే చెప్పారు. దీపావళికి ముందు కంప్రెసర్ బెల్టు తెగితే ఆయన హుండీ మూత తీసినాడు. "మళ్లీ పెడతా" అన్నాడు. పెట్టినాడు కూడా, కానీ మధ్యలో నేను మూడు రోజులు మాట్లాడలేదు. ఆర్డీ మాట బాగుంది.

తమ్ముడూ, నీ మీద కోపం లేదు. నాకు మాత్రం డబ్బు కనపడాలి. తెలియకుండా దాచింది తెలియకుండానే పోతుందేమోనని భయం. పైగా మా బాబు ప్రతి ఆదివారం క్యాన్ ఎత్తి "ఈ వారం బరువెక్కింది" అంటాడు. యాప్‌ను ఎట్లా ఎత్తుతాడు?

---

బద్వేలు రామన్న
మార్చి 2, ఉదయం 8:30

సముద్రం చూడ్డానికి వైజాగే ఎందుకమ్మా? కడప నుంచి బద్వేలు మీదుగా నెల్లూరుకు పొద్దున ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు, అక్కడి నుంచి మైపాడు బీచ్ పాతిక కిలోమీటర్లే. మీ ముగ్గురు ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టే లేదు. మీ ఆయనకు, బాబుకు పెడితే సరి. ఆ నీళ్లూ ఉప్పే, ఈ నీళ్లూ ఉప్పే. పన్నెండు వేలు ఇంట్లో ఉంటాయి.

---

వైజాగ్ పోయొచ్చినమ్మ, కడప
మార్చి 2, మధ్యాహ్నం 1:20

రామన్న చెప్పింది డబ్బు లెక్కకు సరే. అయినా ఆరేడు నెలలు దాచిన మనిషికి పొద్దున పోయి రాత్రికి వచ్చే ప్రయాణం చెప్తే ఎట్లా?

చెల్లెమ్మా, కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా విశాఖలో దిగొచ్చు. ఒక రాత్రంతా రైల్లోనే. స్లీపర్ మనిషికి ఐదు వందలకు అటూ ఇటూ. బాబుకు తొమ్మిదేళ్లు కాబట్టి బెర్తు వద్దంటే సగం చార్జీ, బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. నేను మా వాడికి వద్దనుకొని సగం కట్టినా. రాత్రంతా వాడి కాళ్లు నా పొట్టలోనే ఉన్నాయి. నువ్వు ఆ పని చేయొద్దు.

ఇంతకుముందు 120 రోజుల ముందు బుక్ చేసుకునేవాళ్లం. 2024 నవంబర్ నుంచి 60 రోజులే. మే 10న పోవాలంటే మార్చి 11 పొద్దున 8 గంటలకు ఓపెన్ అవుతుంది. వేసవి సెలవులు, ఆలస్యం చేస్తే వెయిటింగ్ లిస్టే. మీ అత్త వయసు సరిగ్గా రాయించు. 45 దాటిన ఆడవాళ్లకు ఖాళీ ఉంటే కింది బెర్తు ఇస్తుంది. వయసు పైబడినవాళ్లకు టికెట్ మీద ఇంతకుముందు ఉన్న తగ్గింపు 2020 నుంచి లేదు, దాన్ని నమ్ముకొని లెక్క వేయొద్దు.

విశాఖలో సిటీ బస్సులు మన ఆధార్‌తోనే ఆడవాళ్లకు ఫ్రీ. ఆటోల జోలికి పోకపోతే చాలా మిగులుతుంది. ఆర్కే బీచ్‌లో కూర్చొని చూడండి, అక్కడే ఒడ్డున కురుసుర జలాంతర్గామి ఉంది, లోపలికి పోయి చూడొచ్చు. పిల్లలు బయటికి రారు. కానీ ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగనియ్యొద్దు. రాళ్లు ఉన్నాయి, అల లోపలికి లాగుతుంది. తడవాలంటే రుషికొండకు పోండి, అక్కడ కూడా మోకాళ్ల దాకానే. మన పిల్లలకు చెరువులో ఈత వచ్చినా సముద్రం సంగతి తెలియదు.

అరకుకు పొద్దున రైలు ఉంది, దారిలో యాభైకి పైగా సొరంగాలు. బొర్రా గుహలు నాకు అంతగా అనిపించలేదు. మన బెలుం గుహలు చూసినదాన్ని కదా. మా ఆయనకు మాత్రం బాగా నచ్చినాయి. మూడు రాత్రులు చిన్న లాడ్జి, బయట భోజనాలు అన్నీ కలిపి మాకు నలుగురికి పదిహేను వేలయింది. మీరు ఐదుగురు. ఉన్న పన్నెండు, మే లోపు పడేది కలిపితే గట్టెక్కుతారు. అరకు మానుకుంటే ఇంకా సుఖం.

---

ఖాజీపేట కోడలు
మార్చి 2, రాత్రి 9:15

రామన్నా, మీరు చెప్పింది ఇంట్లో చదివి వినిపించినా. మా ఆయన వెంటనే సరేనన్నాడు. మా అత్త మాత్రం "యాడికన్నా పోదాం గానీ రాత్రి రైల్లో పడుకొని పోదాం" అనింది. ఆమెకు రైల్లో పడుకోవాలని ఉందంట. అది నాకు ఇన్నాళ్లూ తెలియదు. మైపాడు ఇంకోసారి.

---

ఖాజీపేట కోడలు
మార్చి 13, రాత్రి 8:50

అందరికీ చెప్పాలని వచ్చినా.

11వ తేదీ పొద్దున ఆరుకే మా ఆయన కడప స్టేషన్‌లో రిజర్వేషన్ కౌంటర్ దగ్గర నిలబడినాడు. ఆయన ముందు నలుగురే. పోయేదానికి ఐదు బెర్తులు దొరికినాయి, బాబుకు కూడా పూర్తి టికెట్టే తీసుకున్నాం. రెండున్నర వేల లోపే అయింది. అంతా బస్సు నోట్లతోనే కట్టినాం. అత్తకు కింది బెర్తు వచ్చింది. టికెట్ ఆమె దిండు కింద ఉంది, తీయనీయడం లేదు. వచ్చేదానికి ఎల్లుండి మళ్లీ నిలబడాలి. అరకు మానేసినాం.

నిన్న మధ్యాహ్నం షాపులో రెండు గంటలు పర్మిషన్ అడిగి బ్యాంకుకు పోయినా. క్యాషియర్ సార్ చెప్పినట్టే ఎనిమిది కవర్లు, మీద పాప రాసిన చీటీలు, చలానా. అదే అబ్బాయి కూర్చొని ఉన్నాడు. ఈసారి ఏమీ అనలేదు. కవర్లు చేత్తో తూచినట్టు ఎత్తి చూసి, రెండు రూపాయల కవర్ ఒకటి మాత్రం విప్పి బల్ల మీద పోసి లెక్క పెట్టినాడు. నాకు టెన్షన్. తొంభై తొమ్మిది దాకా పెట్టి ఆగి, చివరి బిళ్లను వేళ్ల మధ్య పట్టుకొని అద్దం సందులోంచి నాకు చూపించినాడు.

అది బిళ్ల కాదు, వాషర్. మా ఆయన షాపుది. రాత్రి చీకట్లో జేబులోంచి తీసి వేసినప్పుడు పడింటుంది. ఆ అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయినాడు, నేనూ ఆపుకోలేకపోయినా. పర్సులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి ఇస్తే 3,200కు స్టాంపు కొట్టి ఇచ్చినాడు.

ఇంటికొచ్చి చెప్తే పాప నోటుబుక్కులో 12,188 కొట్టేసి 12,186 అని రాసింది. వాషర్ మా ఆయన తీసుకున్నాడు, ఏదో సైకిల్‌కు సరిపోయిందంట. దానికి రెండు రూపాయలు హుండీలో వేయమని పాప పట్టుబట్టి వేయించింది.