అప్‌డేట్: క్యామ్ ఫేజర్ సంగతి తేలింది

పోయిన నెల అడిగాను కదా: పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే రెండు సెకన్లు కటకట, సింహాచలం ఘాట్‌లో పికప్ లేదు, స్కానర్‌లో పీ0011 (క్యామ్ టైమింగ్ తేడాగా ఉందని చెప్పే కోడ్). మొదటి గ్యారేజీవాళ్లు ఫేజర్ (ఇంజిన్ వాల్వులు తెరుచుకునే సమయాన్ని ముందుకీ వెనక్కీ జరిపే భాగం), టైమింగ్ చైన్ అన్నీ మార్చాలన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చు వినే టెన్షన్ పట్టుకుంది.

గాజువాక ఆటోనగర్‌లో ఇంకో మెకానిక్ ముందు ఫేజర్‌కి ఆయిల్ పంపే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ విప్పాడు. దాని జల్లెడ నిండా నల్లటి జిగురు! ఫేజర్‌ని తిప్పేది ఆయిల్ ప్రెషరే. దారి మూసుకుపోతే అదేం చేస్తుంది పాపం. ఆయిల్ మార్చడం వాయిదా వేసింది నేనే లెండి. కొత్త వాల్వ్, కొత్త ఆయిల్‌తో కోడ్ పోయింది, పికప్ వచ్చింది.

కటకట మాత్రం పోలేదు. ఇంజిన్ ఆగాక ఫేజర్‌ని కదలకుండా పట్టే లాక్ పిన్ అరిగిందట. చివరికి ఇన్‌టేక్ (గాలి లోపలికి వెళ్లే వైపు) ఫేజర్ ఒక్కటే మార్చాం. చైన్ బాగానే ఉంది.