టోల్ రోడ్డు ప్రైవేటుకిస్తే లారీలు ఎటు పోతాయి?

స్టీరింగ్:
టోల్ రోడ్లు ప్రైవేటు కంపెనీలకి లీజుకిస్తే ట్రాఫిక్ తగ్గుతుంది, సరుకు త్వరగా చేరుతుంది అంటుంటారు. నాకు నమ్మకం లేదు. అమెరికాలో ఇండియానా టోల్ రోడ్డునే తీసుకోండి. 2006లో 75 ఏళ్లకి లీజుకిచ్చి 380 కోట్ల డాలర్లు ఒకేసారి తీసుకున్నారు. 2018లో ప్రభుత్వం ఇంకో వంద కోట్లు పుచ్చుకుని భారీ వాహనాల టోల్ 35 శాతం పెంచుకోనిచ్చింది. లారీవాడే దొరికాడు!

లెక్కలపిచ్చి:
ఇందులో ప్రైవేటు తప్పేముంది? పక్క రాష్ట్రంలో ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ప్రభుత్వ సంస్థదే. 1990ల్లో అక్కడా లారీల టోల్ బాగా పెంచారు, దాంతో బండ్లన్నీ ఊళ్ల మీదుగా పోయే రోడ్లెక్కాయి, జనం గోల పెడితే 2005లో తగ్గించారు. రేటు మితిమీరితే ఎవరి రోడ్డైనా ఒకటే. ఇండియానా లీజు తీసుకున్న కంపెనీ కూడా అనుకున్నన్ని బండ్లు రాక 2014లో దివాలా తీసింది, రోడ్డు మాత్రం ఒక్కరోజూ మూతపడలేదు.

స్టీరింగ్:
తగ్గించారు అన్నావు చూడు, నేను చెప్పేదీ అదే. అక్కడ గోల పెడితే వినేవాళ్లున్నారు. ఇండియానా ఒప్పందంలో ఏముందంటే, ఏటా 2 శాతమో, ధరల పెరుగుదలో, తలసరి జీడీపీ పెరుగుదలో, ఏది ఎక్కువైతే అంత టోల్ పెంచుకోవచ్చు. ఇక ఎవరికి మొరపెట్టుకోవాలి? కాలిఫోర్నియాలో హైవే మీదే టోల్ కట్టి వెళ్లే 91 ఎక్స్‌ప్రెస్ లేన్లది ఇంకా ఘోరం. 1995లో ప్రైవేటుగా మొదలయ్యాయి, పక్కనున్న ఉచిత లేన్లు పెంచకూడదని షరతు. పక్కన జామ్ ఎంత ఉంటే వీళ్లకి గిరాకీ అంత! చివరికి 2003లో స్థానిక రవాణా సంస్థ 20 కోట్ల డాలర్ల పైన పోసి వాటిని కొనుక్కోవాల్సి వచ్చింది.

నైట్‌డ్యూటీ:
లారీ నడుపుతాను కాబట్టి ఒక మాట. టోల్ డబ్బు లారీ ఓనర్ ఇస్తే టోల్ రోడ్డే, కిరాయిలోంచి మనమే కట్టాలంటే పక్క రోడ్డే, అంతకు మించి ఆలోచన ఉండదు. అయితే పక్క రోడ్డు ఊరికే రాదు. నిండు లోడుతో ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి మళ్లీ కింది గేరు నుంచి లాగాలి, ఇరుకు మలుపులో వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కుతుందేమోనని అద్దంలోంచి కళ్లు తిప్పకూడదు, డీజిల్ సంగతి చెప్పక్కర్లేదు. సరుకు దించే టైం దగ్గరపడితే మాత్రం నోరు మూసుకుని టోల్ కట్టేస్తా.

లెక్కలపిచ్చి:
ఇది నేను పట్టించుకోని సంగతి, ఒప్పుకుంటున్నా. లారీలు పక్క రోడ్డెక్కితే ఆ రోడ్డూ పాడవుతుంది: ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి దెబ్బ దాదాపు 16 రెట్లు. టోల్ కంపెనీ ఖాతాలో ఆ ఖర్చు పడదు, ఆ పక్క రోడ్డు ఎవరిదో వాళ్ల నెత్తిన పడుతుంది. లీజు డబ్బులో కొంత ఆ రోడ్ల మరమ్మతులకి విడిగా పెట్టాలని ఒప్పందంలోనే రాసుకోవాలి.

స్టీరింగ్:
రాసుకుంటే మంచిదే. కానీ ఇండియానాలో ఆ డబ్బులో ఎక్కువ భాగం పదేళ్ల రోడ్ల పథకానికి పోయింది. లీజేమో 75 ఏళ్లు. మిగతా 65 ఏళ్ల మరమ్మతులకి దేంట్లోంచి తీస్తారు?