కొత్త ఎస్‌యూవీలో నీళ్లు, గ్యాపులు, కిర్రుమనే చప్పుడు: చిన్న అడ్జస్ట్‌మెంటేనా, బాడీలోనే లోపమా?

ఎర్రమట్టి:
బండి కొత్తది, మొదటి సర్వీస్ కూడా కాలేదు. వానలో తిరిగొచ్చాక ముందు ఎడమ సీటు దగ్గర కార్పెట్ తడిసి ముద్దయింది. ఏసీ నీళ్లేమో అనుకున్నా, కానీ పైన రూఫ్ లైనింగ్ అంచున కూడా మరక ఉంది. డిక్కీ డోర్‌కి కుడివైపు గ్యాప్‌లో వేలు దూరుతుంది, ఎడమవైపు గోరు కూడా పట్టదు. స్పీడ్ బ్రేకర్ ఏటవాలుగా ఎక్కితే వెనకనుంచి కిర్రుమంటుంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే "ఈ మోడల్‌కి అన్నీ ఇంతే సార్" అని పంపించేశారు. మూడూ వేరువేరు సమస్యలా, బాడీయే వంకరగా ఉందా? బండి మార్చి ఇవ్వమని అడగొచ్చా?

రెంచిరాజు:
సన్‌రూఫ్ ఉందా? ఉంటే ముందు అక్కడ చూడండి. సన్‌రూఫ్ అద్దం చుట్టూ రబ్బరు ఉన్నా కొంత నీరు లోపలికి దిగుతూనే ఉంటుంది, అది కింద ట్రేలో పడి మూలల్లో ఉన్న పైపుల ద్వారా పిల్లర్ల (అద్దాల పక్కన రూఫ్‌ని మోసే స్తంభాల) లోపలినుంచి బయటికి పోవాలి. పైపు ఊడినా, మూసుకుపోయినా మీరు చెప్పినట్టే లైనింగ్ మీద మరక, కింద తడి. అద్దం తెరిచి ట్రే మూలలో మెల్లగా కాసిన్ని నీళ్లు పోయండి, బండి కింద కారుతున్నాయో లేదో తెలిసిపోతుంది. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టనివ్వకండి, లోపల జాయింట్ ఊడితే లైనింగ్ దించాల్సి వస్తుంది.

నాలుగోగేరు:
గ్యాప్ ఒక్కటే చూసి బాడీ వంకర అనుకోవద్దు బ్రదర్. డిక్కీ హింజ్, లాక్ కొక్కెం, రబ్బరు స్టాపర్లు సరిచేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నాకైతే అసలు అనుమానం వేరే. షోరూమ్‌కి వచ్చేదారిలో దెబ్బ తగిలి, రిపేర్ చేసి అమ్మారేమో! పెయింట్ మందం మీటర్‌తో ప్యానెళ్లన్నీ చూపించండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) చుట్టూ ఉంటుంది. ఒక్క ప్యానెల్ మాత్రమే మిగతావాటికి రెట్టింపు చూపిస్తే మళ్లీ పెయింట్ వేసినట్టే, ఇంకా బాగా ఎక్కువుంటే కింద పుట్టీ ఉన్నట్టు. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటర్ పనిచేయదు, ఆ లెక్క నమ్మకండి. హింజ్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందేమో కూడా చూడండి, కాకపోతే ఫ్యాక్టరీలోనే అడ్జస్ట్ చేసి ఉండొచ్చు కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

రెంచిరాజు:
పై మాట కరెక్టే. చప్పుడు సంగతికొస్తే, ఒక చక్రం మాత్రం గట్టు మీదకి ఎక్కించి ఆపి డోర్లు, డిక్కీ తీసి వేసి చూడండి. ఏ బాడీ అయినా కాస్త మెలి తిరుగుతుంది, అది మామూలే. కానీ లాక్ పట్టకపోయినా, డోర్ అంచు రాసుకున్నా తేలిగ్గా తీసుకోవద్దు. చప్పుడు మాత్రమే అయితే ఎక్కువసార్లు డోర్ రబ్బరో, వెనక సీటు లాకో అయి ఉంటుంది. వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) చూపించి ఆ ప్రింట్ కూడా తీసుకోండి. వెనక చక్రాల కోణం అడ్జస్ట్ చేసినా లిమిట్‌లోకి రాకపోతే అప్పుడు బాడీ కొలతలు తీయమనాలి, కంపెనీ రిపేర్ మాన్యువల్‌లో ఏ పాయింట్ నుంచి ఏ పాయింట్‌కి ఎంతుండాలో ఉంటుంది.

ఎర్రమట్టి:
సన్‌రూఫ్ ఉందండీ. నీళ్లు పోసి చూశా, ముందు ఎడమ మూల తప్ప మిగతావన్నీ కారుతున్నాయి. డిక్కీ మీద పెయింట్ మందం మిగతా ప్యానెళ్లలాగే ఉంది.

తడిగొడుగు:
హమ్మయ్య, అయితే బండి మార్చమనే గొడవ ఇప్పుడే వద్దు. రిపేర్ చేసే అవకాశం ఇవ్వకుండా మార్చమంటే ఎవరూ ఒప్పుకోరు. జాబ్ కార్డ్‌లో (సర్వీస్ సెంటర్ వాళ్లు కంప్లయింట్ రాసుకునే కాగితంలో) మాత్రం "చెక్ చేశాం, ఓకే" అని రాయనివ్వకండి, ఎక్కడ తడి, ఏ మూల పైపు కారట్లేదు, గ్యాప్ ఎన్ని మిల్లీమీటర్లు అనేది మీ మాటల్లోనే రాయించి కాపీ తీసుకోండి. అదే కంప్లయింట్ మళ్లీ వస్తే అడగడానికి ఆ కాగితాలే ఆధారం. పైనుంచి సిలికాన్ పూసి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంకోటి, కార్పెట్ పైన ఆరినా కింద ఫోమ్ నీళ్లు పట్టుకునే ఉంటుంది, సీటు విప్పి కార్పెట్ లేపి ఆరబెట్టమనండి, లేకపోతే వాసన పట్టేస్తుంది, కింద వైరింగ్ కనెక్టర్లు కూడా చిలుము పడతాయి.