నాన్నగారి పాత వర్డ్ ఫైళ్లు పాస్‌వర్డ్ అడుగుతున్నాయి, దారి ఉందా?

గోదారిగట్టు:
మా నాన్నగారు తణుకులో డీటీపీ సెంటర్ నడిపేవారు, పోయి మూడేళ్లయింది. మొన్న అటక దులుపుతుంటే సీడీల డబ్బా దొరికింది, అందులో మా ఊరి చరిత్ర అని ఆయన 2001లో టైపు చేసుకున్న డాక్ ఫైళ్లు పదకొండు. నాలుగు తెరుచుకున్నాయి, ఏడు పాస్‌వర్డ్ అడుగుతున్నాయి. అమ్మ పేరు, నా పుట్టినరోజు, ఆఖరికి స్కూటర్ నంబరు కూడా కొట్టి చూశాను. ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైటులో పెట్టాలని ఆశ. ఫైలు ఎక్కిస్తే తీసిస్తామని ఏదో సైటు అంటోంది, ఇచ్చేయనా?

తాళంచెవి:
వద్దండీ, లోపల ఏముందో మీకే తెలీనప్పుడు బయటివాళ్ల చేతికి ఎందుకు. ముందు ఫైళ్లు కాపీ చేసి ఆ కాపీల మీదే పని చెయ్యండి. కొన్నిటికి మార్పులకు మాత్రమే పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పెట్టెలో రీడ్ ఓన్లీ బటన్ కనిపిస్తే నొక్కండి, అంతే. మిగతావాటికి కూడా 2001 కావడం మీ అదృష్టం: వర్డ్ 97, 2000లలో పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ఫైలుకు నిజంగా తాళం వేసే లోపలి కీ 40 బిట్లే, అంటే చాలా చిన్నది, అందుకే పాస్‌వర్డ్ జోలికి పోకుండా కీనే వెతికేయొచ్చు. ఆఫీస్‌టుజాన్ అనే చిన్న ప్రోగ్రాంతో ఫైల్లోంచి హ్యాష్ (పాస్‌వర్డ్ సరిచూసే గుర్తు) తీసి, పాస్‌వర్డ్‌లు వెతికే హ్యాష్‌క్యాట్ ప్రోగ్రాంలో 9710 మోడ్‌కి ఇవ్వండి, మంచి గ్రాఫిక్స్ కార్డుంటే గంటల పని. వచ్చిన కీని 9720కి ఇస్తే వర్డ్ ఒప్పుకునే పాస్‌వర్డ్ ఒకటి వస్తుంది, నాన్నగారు పెట్టిందే కానక్కర్లేదు. అదే వర్డ్ 2007 నుంచి వచ్చిన డాక్స్ (.docx) ఫైళ్లయితే ఏఈఎస్ అనే గట్టి తాళం, ఒక్కో ఊహకి కనీసం 50,000 సార్లు హ్యాష్ లెక్క చెయ్యాలి, నేనైతే దణ్ణం పెట్టేవాణ్ణి.

డీటీపీమావ:
బాబూ, తెలుగు టైపింగుకు వాడే అనూ స్క్రిప్ట్ మేనేజర్ ఆన్‌లో ఉండగా పాస్‌వర్డ్ కొట్టి ఇరుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తెరమీద చుక్కలే కదా, ఇంగ్లిషులో కొట్టాననుకుంటాం, లోపలికి తెలుగు లేఅవుట్ గుర్తులు పోతాయి. మీకు ఏ పేరూ పనిచెయ్యనిది అందుకేనేమో. ఇంకోటి, తెరిచాక పిచ్చి గుర్తులు కనిపిస్తే తాళం రాలేదని టెన్షన్ పడకు, అనూ ఫాంటు లేదంతే. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా కనిపించే తెలుగులోకి, మార్చాక వత్తులు కళ్లతో చూసుకో, అసలు ఫైలు మాత్రం పారెయ్యకు.

గోదారిగట్టు:
సిగ్గేస్తోంది, రెండు రీడ్ ఓన్లీతోనే వచ్చేశాయి. మిగతా ఐదు మా తమ్ముడి గేమింగ్ కంప్యూటర్ మీద రాత్రంతా నడిపితే వచ్చాయి. నాలుగిట్లో చెరువు తవ్వకం, గుడి మాన్యం గొడవ, వరదొచ్చిన ఏడాది కబుర్లు. అయిదోది చరిత్ర కాదు, చేబదుళ్ల పద్దు. ఎవరికెంత ఇచ్చారో పేర్లతో సహా ఉంది, చాలావాటి పక్కన "రాలేదు, అడగలేదు" అని రాసుకున్నారు. అది ఆర్కైవ్‌లో పెట్టడం లేదు, పాస్‌వర్డ్ అలాగే ఉంచేశాను.